పేర్లు మోయలేని సర్వరు

ఉప్పురేవులో సముద్రం పక్కనే సముద్రం కంటే లోతైనది ఇంకొకటుంది. దాని పేరు సముద్రయాన అనుమతుల సంచాలకాలయం. చేపల బోటు రేవు దాటి నీళ్ళలోకి పోవాలంటే ఈ ఆఫీసు అనుమతి కావాలి. గాలీ వానా కూడా అనుకూలించాలి కదా అంటే, అనుకూలించాలి, కాదనం. కానీ అది రెండో సంగతి.

ఎండాకాలంలో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో వేట బందు. బందు ఎత్తేసిన రోజు తెల్లారేసరికి ప్రతి బోటుకీ కొత్త అనుమతి ఉండాలి. లేకపోతే రేవు సముద్రంలో కలిసే మొగ దగ్గర కాపలా పడవ వాళ్ళు ఆపేస్తారు. పూర్వం ఈ అనుమతి కాగితం మీద ఇచ్చేవారు. ఫైలు కింది గుమాస్తా దగ్గర బయల్దేరి, ప్రతి టేబులు దగ్గరా కాసేపు కూర్చుని, ఒక్కో సంతకం పెట్టించుకుని, పేరంటానికి వెళ్ళిన ముత్తైదువలా నింపాదిగా సంచాలకుల గారి గదికి చేరేది. ఈ ఏడు అంతా ఆన్‌లైన్ అన్నారు. బోటు యజమాని ఫోన్లో మీట నొక్కితే విన్నపం సర్వరుకి వెళ్తుంది. సర్వరు బోటు నంబరూ, ఇంజనూ, లైఫ్ జాకెట్లూ సరిచూసి, అన్నీ ఉంటే అనుమతి పంపుతుంది. మధ్యలో ఎవరూ ఉండరు.

ఈ 'మధ్యలో ఎవరూ ఉండరు' అన్న ముక్కే కొంప ముంచింది.

ఆ పోర్టల్ కట్టిన మనిషి చెరుకుమిల్లి వసుంధర. కాంట్రాక్టు ఉద్యోగి. కుర్చీ కూడా కాంట్రాక్టుదేనేమో, ఒక కాలు ఎప్పుడూ ఊగుతూ ఉండేది. తెలివైన పిల్లే గానీ ఒక లోపం ఉంది. అడిగిన దానికి ఉన్నదున్నట్టు జవాబు చెబుతుంది. ప్రైవేటు కంపెనీల్లో పని చేసి వచ్చింది కదా, పాపం, ఆ అలవాటు ఇంకా వదల్లేదు.

పోర్టల్ చూపించే రోజున గదిలో తెర దింపారు, జీడిపప్పు ప్లేట్లు పెట్టారు. సంచాలకులు మైలవరపు దక్షిణామూర్తి గారు మధ్య కుర్చీలో, సంయుక్త సంచాలకులు ఇందుమతీ దేవి గారు కుడి పక్క, సూపరింటెండెంట్ కోటిలింగం గారు కుర్చీ ఉన్నా కూర్చోకుండా వెనక. వసుంధర మీట నొక్కింది. చప్పట్లు కొట్టే లోపలే అనుమతి వచ్చేసింది.

దక్షిణామూర్తి గారి మొహం వాడిపోయింది.

"బావుందమ్మా, చాలా బావుంది. కానీ ఇందులో నేనెక్కడున్నాను?" అన్నారు.

"అంటే, సార్?"

"విన్నపం బయల్దేరింది, చేరింది, అనుమతి వచ్చింది. సంతోషం. ఈ మొత్తం వ్యవహారంలో నేనెక్కడున్నానని అడుగుతున్నా."

"సార్ ఎక్కడా కనపళ్ళేదండి," అన్నారు కోటిలింగం గారు గొంతులో బాధ పెట్టి. "మేడమ్ గారూ కనపళ్ళేదు. నేనూ కనపళ్ళేదనుకోండి, నా సంగతికేంలెండి."

వసుంధర వాళ్ళని సముదాయిద్దామనుకుంది. అదే ఆ పిల్ల చేసిన పొరపాటు. "సార్, ప్రతి విన్నపానికీ పైన హెడర్లని ఉంటాయండి. కవరు మీద రాసినట్టన్నమాట. ఇది ఏ ఫోన్నుంచి వచ్చింది, ఏ భాషలో జవాబు కావాలి, అలాంటివి చిన్న చిన్న వివరాలు రాసుంటాయి."

"కవరు మీద మనం కూడా ఏవైనా రాయొచ్చా?"

"రాయొచ్చు సార్, కానీ దాని వల్ల..."

'రాయొచ్చు' దగ్గరే దక్షిణామూర్తి గారు వినడం ఆపేశారు. వాడిపోయిన మొహం మళ్ళీ వికసించింది. జీడిపప్పు ప్లేటు దగ్గరికి లాక్కున్నారు.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. "పై విషయమై తెలియజేయడమేమనగా, ఇకమీదట ఈ కార్యాలయమునకు చేరు ప్రతి విన్నపము తన శిరోభాగమున సంబంధిత అధికారులందరి పేర్లు, హోదాలు, విద్యార్హతలు ధరించి మాత్రమే ప్రయాణించవలెను. అట్లు ధరించని విన్నపములు విన్నపములుగా పరిగణింపబడవు. ఇది తక్షణమే అమలులోనికి వచ్చును."

మొదటి హెడర్ సంచాలకుల గారిది. పేరు, ఎం.ఏ., ఎల్.ఎల్.బి., కరస్పాండెన్సు కోర్సులో చేసిన డిప్లొమా, అంతకు ముందు పనిచేసిన పదవులు. రెండోది ఇందుమతీ దేవి గారిది. ఆవిడ పీహెచ్‌డీ చేశారు కాబట్టి సిద్ధాంత గ్రంథం పేరు కూడా ఉండాలన్నారు. అది నాలుగు వరసలొచ్చింది. మూడోది కోటిలింగం గారిది. ఆయనకి చదువు తక్కువ, కానీ సర్వీసు ఎక్కువ. ఏ ఏ ఊళ్ళలో ఎవరెవరి దగ్గర పనిచేశారో అన్నీ వేయించుకున్నారు. ఆ తరవాత అకౌంట్స్ విభాగం అలిగింది, స్టోర్స్ విభాగం మూతి ముడుచుకుంది. వాళ్ళకీ వేశారు. డ్రైవర్ల సంఘం వినతిపత్రం ఇచ్చింది. వాళ్ళకి ఉమ్మడిగా ఒకటి వేశారు.

వసుంధర ఇవన్నీ టైపు చేసి, ఒకరోజు ధైర్యం చేసి సంచాలకుల గారి గదిలోకి వెళ్ళింది.

"సార్, హెడర్‌లో తెలుగు తిన్నగా వెళ్ళదండి. ఒక్కో అక్షరాన్నీ విడగొట్టి గుర్తుల కింద పంపాలి. ఒక అక్షరానికి తొమ్మిది గుర్తులు పడతాయి. మీ పేరు ఒక్కటే చాంతాడంత అవుతోంది. సర్వరు ఇంతకు మించి మొయ్యదని ఒక హద్దు ఉంటుందండి."

"అంటే ఏంటమ్మా నువ్వనేది? తెలుగు రాష్ట్రంలో, తెలుగు ఆఫీసులో, తెలుగు బరువైపోయిందా?"

"అది కాదు సార్. పోనీ ఇంగ్లీషు పొడి అక్షరాల్లో వేద్దాం."

"అధికార భాషా చట్టం తెలుసా నీకు?"

వసుంధర గుమ్మం వైపు తిరిగింది. పోతూ పోతూ ఆగి అడక్కుండానే ఇంకో నిజం చెప్పింది. "అసలు ఆ పేర్లు సర్వరు చదవదు సార్. ఊరికే మోస్తుందంతే."

దక్షిణామూర్తి గారు పెద్ద మనసుతో నవ్వారు. "చదవకపోతే పోనీలేమ్మా. మన స్టాఫు మాత్రం ఫైళ్ళన్నీ చదివి సంతకం పెడుతున్నారా ఏంటి? మోస్తే చాలు."

ఇక్కడ ఆ ఆఫీసు ఆచారం ఒకటి చెప్పుకోవాలి. ఫైల్లోకి ఒకసారి ఎక్కిన కాగితాన్ని తియ్యకూడదు. కావాలంటే ఇంకో కాగితం కలపొచ్చు, దాని మీద ఇంకోటి కలపొచ్చు. తియ్యడం మాత్రం మహా నేరం. ఎప్పుడో ఒక గుమాస్తా ఫైల్లో చచ్చిన బొద్దింకని తీసేస్తే, ఆధారాలు తారుమారు చేశాడని ఇంక్రిమెంటు ఆపేశారని చెప్పుకుంటారు. ఇదే ఆచారం హెడర్లకీ వచ్చింది. అకౌంట్స్ ఆఫీసరుకి బదిలీ అయింది. ఆయన హెడర్ ఉండగానే కొత్తాయనది వచ్చి చేరింది. స్టోర్స్‌లో ఒకాయన రిటైరయ్యారు, ఆయనదీ ఉండిపోయింది. ఏళ్ళ తరబడి ఎవరూ లేని డిప్యూటీ డైరెక్టరు పోస్టుకి కూడా ఒక హెడర్ వేశారు. 'ఖాళీ' అని వేస్తే బావుండదని, 'త్వరలో భర్తీ చేయబడును' అని వేశారు.

ఇక వరస గొడవ. ఎవరి పేరు పైన, ఎవరిది కింద? ఇందుమతీ దేవి గారూ అకౌంట్స్ ఆఫీసరూ మాట్లాడుకోవడం మానేశారు. సర్వరు వరస పట్టించుకోదండీ, ఏది ముందున్నా దానికొకటేనండీ అంది వసుంధర. సీనియారిటీ తెలియని యంత్రాన్ని ప్రభుత్వ కార్యాలయంలో ఎలా పెట్టారని ఇద్దరూ కలిసి ఆ పిల్ల మీద విరుచుకుపడ్డారు. పోన్లెండి, ఆ దెబ్బతో ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకున్నారు.

బందు ఎత్తేసే ముందు రోజు పోర్టల్‌ని సంచాలకుల గారి ఎదుట పరీక్షించారు. వసుంధర మీట నొక్కింది. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది. 'అంతర్గత సర్వర్ లోపం' అని వచ్చింది.



"ఎవరిది లోపం?" అన్నారు దక్షిణామూర్తి గారు.

"హెడర్లు ఎక్కువైపోయి ఉంటాయి సార్. నేను చూస్తా..."

"ఆగమ్మా. ముందు ఇది చెప్పు. ఈ లోపం సంగతి బయటి వాళ్ళకి కూడా కనిపిస్తుందా?"

"విన్నపం పంపిన వాళ్ళకి కనిపిస్తుంది సార్."

"అంటే ఈ ఆఫీసులో అంతర్గతంగా లోపం ఉందని, ఈ సర్వరు, ఈ ఆఫీసు కరెంటు తింటూ, వీధిలో ఉన్న వాళ్ళకి చెబుతోందన్నమాట."

"ప్రవర్తనా నియమావళి ప్రకారం ఇది చాలా తప్పండి," అన్నారు కోటిలింగం గారు. "శాఖాపరమైన లోటుపాట్లు బయట పెట్టకూడదు. మెమో ఇయ్యాలండి."

సర్వరుకి మెమో ఇచ్చారు. నిజంగానే ఇచ్చారు. 'మీపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో వివరణ ఇవ్వవలసినది' అని రాసి, చేతికిద్దామంటే దానికి చెయ్యి లేదు కాబట్టి, దాన్ని కూడా హెడర్ కిందే విన్నపాలకి తగిలించారు. ప్రతి విన్నపంతోనూ సర్వరుకి మెమో అందుతుందన్నమాట. ఆ పైన, లోపం వచ్చినప్పుడల్లా ఆ మాటకి బదులు 'మీ విన్నపం పరిశీలనలో ఉంది' అని కనపడేట్టు మార్చమన్నారు. వసుంధర వద్దు సార్ అంది, జనం పని జరుగుతోందని నమ్ముతారంది. నమ్మకమే కదమ్మా కావాల్సింది అన్నారు దక్షిణామూర్తి గారు.

మార్చగానే సమస్య తీరిపోయింది. తెర మీద ఎక్కడా లోపం లేదు. అందరూ టీ తాగి ఇళ్ళకి పోయారు.

మర్నాడు పొద్దున్నే రేవంతా బోట్లతో నిండిపోయింది. రంగులేసుకుని, పసుపూ కుంకం పెట్టుకుని, డీజిలు నింపుకుని ఒక్కటీ కదలకుండా నిలబడ్డాయి. ప్రతి బోటు యజమాని ఫోన్లోనూ 'మీ విన్నపం పరిశీలనలో ఉంది'. సరే, పరిశీలిస్తున్నారు కదా అని వాళ్ళూ ఓపిక పట్టారు. ఎండెక్కే దాకా పట్టారు.

ఎండెక్కాక సంగాడి ధనాలు ఆఫీసు మెట్లెక్కింది. మొగుడు పోయాక బోటు ఆవిడే నడిపిస్తోంది, బోటు తోలే సరంగునీ, వలలు లాగే కలాసీలనీ తనే మాట్లాడుకుంటుంది. చేతిలో ఒక బకెట్టు పట్టుకొచ్చింది. సూపరింటెండెంట్ గదిలోకి వెళ్తే, కోటిలింగం గారు తలెత్తకుండానే "పరిశీలనలో ఉంది" అన్నారు. అక్కణ్ణుంచి ఊగే కుర్చీలో ఉన్న వసుంధర దగ్గరికొచ్చి, బకెట్టు ఆ పిల్ల కాళ్ళ దగ్గర పెట్టింది.

"ఇదేంటమ్మా?" అంది వసుంధర.

"ఐసు."

బకెట్టులో నీళ్ళున్నాయి. మధ్యలో పిడికెడు తెల్లటి ముక్క తేలుతోంది.

"రాత్రి బోటు గది నిండా ఐసు పోయించానమ్మా. తెల్లారేసరికి ఎల్లిపోతాం కదా అనుకున్నాం. ఇప్పుడు సూడు. పొద్దుగూకేసరికి మొత్తం నీళ్ళే. ఐసు లేకపోతే పట్టిన సేప కుళ్ళిపోద్ది. మళ్ళీ పోయించుకుందామంటే ఐసు ఫేట్రీలో ముక్క లేదు, ఊరంతా ఒకేసారి కొనేసింది. కలాసీలు పక్క రాస్ట్రం బోట్లకి పోతావంటన్నారు, ఆళ్ళు పొద్దున్నే ఎల్లిపోయి మన నీళ్ళలోనే వలేత్తన్నారంట. ఇయ్యాల ఎల్లకపోతే ఈ సీజను నా బోటు రేవులోనే కూసుంటాది. నా ఇన్నపంలో తప్పేవుందో సెప్పు తల్లీ, దిద్దుకుంటాను."

వసుంధర ఊగే కుర్చీని ధనాలు వైపు తిప్పింది. పరిశీలన ఎవరూ చెయ్యడం లేదని ఆ ఆఫీసులో తెలిసిన మనిషి తనొక్కతే. ఆ మాట తెర మీద పెట్టింది కూడా తన చేత్తోనే.

"మీ విన్నపంలో తప్పేం లేదమ్మా. కూర్చోండి," అంది.

ధనాలు స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది. వసుంధర కంప్యూటరులో విడిగా ఒక పరీక్ష విన్నపం తీసుకుని, దాని హెడర్లు సగం తీసి పంపింది. వెళ్ళింది. ఆ సగం పెట్టి, మిగతా సగం తీసి పంపింది. అదీ వెళ్ళింది. అన్నీ పెడితే మాత్రం విరుచుకు పడిపోతోంది. చెడ్డ హెడర్ ఒకటుంటే దాన్ని పట్టుకోవచ్చు. ఇక్కడ చెడ్డది ఏదీ లేదు. అన్నీ కలిస్తే వచ్చిన బరువే చెడ్డది. హద్దుకి కొంచెమే ఎక్కువైంది. ఏ నాలుగు పేర్లు తీసేసినా చాలు, అన్ని బోట్లూ కదిలిపోతాయి.

"ఏం కనపడిందమ్మా?" అంది ధనాలు.

"బరువెక్కువైందండి."

"ఏం బరువు? నేను నా బోటు నెంబరే కదా ఏసాను."

"మీది కాదు. మావి."

పరిగెత్తుకుంటూ సంచాలకుల గారి గదికి వెళ్ళి సంగతంతా చెప్పింది. దక్షిణామూర్తి గారు శ్రద్ధగా విన్నారు, ఆ పుణ్యం దక్కకుండా చెయ్యకూడదు. రేవులో జనం ఎంత మంది ఉన్నారో కిటికీలోంచి చూసి, ఆయన కూడా కంగారు పడ్డారు.

"నాలుగంటే నాలుగు తీస్తే చాలా?"

"చాలు సార్. ఒక్క నిమిషం పని."

"తియ్యడమంటే మాటలు కాదు కదమ్మా. కోటిలింగం గారూ, తియ్యాలంటే పద్ధతేంటి?"

"తొలగింపు కమిటీ వెయ్యాలండి. ఇదివరకెప్పుడూ వెయ్యలేదండి."

ఇప్పుడే వేసేద్దాం అన్నారు సంచాలకులు. అక్కడికక్కడే వేశారు. అధ్యక్షులు వారే, సభ్యులు ఇందుమతీ దేవి గారూ కోటిలింగం గారూ. వసుంధరని సాంకేతిక ఆహ్వానితురాలు అన్నారు, అంటే నిలబడి ఉండాలన్నమాట. నాలుగు పేర్లు తియ్యాలన్న దాంట్లో కమిటీకి భేదాభిప్రాయమే లేదు. ఏ నాలుగు అన్న దగ్గరే వచ్చింది చిక్కంతా.

"బదిలీ అయిపోయినాయన్ది తీసేద్దాం," అన్నారు దక్షిణామూర్తి గారు.

"ఆయన రేపు మళ్ళీ ఇక్కడికే ప్రమోషన్ మీద వస్తే ఎవరు జవాబు చెబుతారు సార్?" అన్నారు ఇందుమతీ దేవి గారు.

"అయితే రిటైరయినాయన్ది."

"పెన్షను కేసు పెండింగులో ఉందండి," అన్నారు కోటిలింగం గారు. "పేరు తీసేస్తే కోర్టుకెళ్తారండి ఆయన. అసలే మొండి మనిషి."

"పోనీ ఖాళీ పోస్టు. అక్కడ మనిషే లేడు కదా!"

"మనిషి లేడు గానీ పోస్టుంది సార్. దాని పేరు మనమే తీసేస్తే ఆర్థిక శాఖ వాళ్ళు పోస్టే ఎత్తేస్తారు. ఎప్పుడెప్పుడా అని కాసుక్కూర్చున్నారు."

"మేడమ్ గారూ, మీ సిద్ధాంత గ్రంథం పేరు కొంచెం కుదించుకోకూడదూ?"

ఇందుమతీ దేవి గారు సంచాలకుల గారిని ఒక చూపు చూశారు. "మీ డిప్లొమా తీసెయ్యండి సార్, నేను గ్రంథం తీసేస్తాను."

కింద రేవులోంచి కేకలు వినిపిస్తున్నాయి. "సార్, ఐసు కరిగిపోతోందండి," అంది వసుంధర. ఆ మాట మినిట్స్‌లో ఎక్కించారు.

చివరికి దక్షిణామూర్తి గారే దారి చూపించారు. తియ్యడం కుదరదు, కలపడం మాత్రం ఎప్పుడూ కుదురుతుంది. కాబట్టి ఇంకొక హెడర్ కలపాలి. 'పై హెడర్ల భారమును సర్వరు సహృదయముతో అర్థము చేసుకొని సహకరించవలసినదిగా కోరడమైనది.' కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించింది. ముగ్గురూ ఒకరినొకరు అభినందించుకున్నారు. నిజం చెప్పొద్దూ, అంత సాఫీగా జరిగిన మీటింగు ఆ ఆఫీసులో ఇంకొకటి లేదు.

వసుంధర కొత్త హెడర్ టైపు చేసి పెట్టింది. ఉన్న బరువు మీద ఇంకాస్త బరువు పడింది, అంతే. సర్వరుకి హృదయం ఉందో లేదో గానీ మొయ్యలేకపోయింది. ధనాలు ఇంకా ఆ స్టూలు మీదే కూర్చునుంది. బకెట్టులో ముక్క లేదు, నీళ్ళే ఉన్నాయి.

"అవుద్దా అమ్మా?" అంది.

వసుంధర ఆ నీళ్ళకేసి చూసింది. కాంట్రాక్టు రెన్యువల్ కాగితం సంచాలకుల గారి టేబులు మీదే ఉంది, ఈ వారమే సంతకం కావాలి. ఇంటి అద్దె, స్కూటరు వాయిదా, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. భయమేసింది. భయమేస్తుండగానే ఒళ్ళు మండింది కూడా. ఎవరి పేరూ చదవని యంత్రానికి ఇన్ని పేర్లు మోయించి, బతకడానికి సముద్రంలోకి వెళ్ళే వాళ్ళని ఒడ్డున కూర్చోబెడతారా అనుకుంది.

"అవుద్ది," అంది.

వసుంధర ధనాలు బోటు విన్నపాన్ని తెర మీదికి తీసింది. దాని మీద నుంచి సంచాలకుల్నీ, సంయుక్త సంచాలకుల్నీ, సూపరింటెండెంటునీ, బదిలీ అయినాయన్నీ, రిటైరయినాయన్నీ, ఇంకా రాని ఆయన్నీ, డ్రైవర్ల సంఘాన్నీ, మెమోనీ, సహృదయాన్నీ అన్నిటినీ దింపేసింది. బోటు నంబరు, ఇంజను, జాకెట్లు మిగిలాయి. మీట నొక్కింది. ధనాలు ఫోను టింగుమంది.

"వచ్చేసింది!" అంటూ ధనాలు లేచి, వసుంధర బుగ్గలు రెండు చేతులా పట్టుకుని, "నీ కడుపు సల్లగుండా!" అని, బకెట్టు కూడా మర్చిపోయి మెట్లు దిగి పరిగెత్తింది.

ఒకటి పంపాక ఇక ఆగడమెందుకు? మిగతా బోట్లవి కూడా వరసగా పంపేసింది. కాసేపటికి రేవులో ఇంజన్ల మోత మొదలైంది. బోటు వెనక బోటు మొగ దాటిపోయాయి. ఆఫీసు కిటికీ అద్దాలు గలగల్లాడాయి.

ఆ గలగలకే దక్షిణామూర్తి గారు బయటికొచ్చారు. ముందు సంతోషించారు. కొత్త హెడర్ పనిచేసిందనుకున్నారు. కోటిలింగం గారు ఒక అనుమతి ప్రింటు తీసుకొచ్చి చూపించాక మొహం పాలిపోయింది. కాగితం మీద బోటు నంబరుంది, తేదీ ఉంది. ఇంకెవరూ లేరు. కింద అంతా తెల్లగా ఉంది.

అందర్నీ గదిలోకి పిలిచారు.

"ఎవరిచ్చారు ఈ అనుమతులు?"

"నేనే సార్," అంది వసుంధర.

ఆ గదిలో 'నేనే' అన్న మాట అదే మొదటిసారి వినపడ్డం. ఇన్నేళ్ళూ అక్కడ అన్నీ చెయ్యడమైనది, పంపడమైనది, పరిశీలించడమైనది. చేసిన మనిషి ఎప్పుడూ కనపడలేదు. కోటిలింగం గారు ఆ పిల్లని జబ్బు చేసిన మనిషిని చూసినట్టు జాలిగా చూశారు.

"ఎంత పని చేశావమ్మా!" అన్నారు దక్షిణామూర్తి గారు. "మా పేరు లేకుండా సముద్రంలోకి పంపిస్తావా? రేపు పైవాళ్ళు అడిగితే ఏం చెప్పాలి? వెనక్కి పిలిపించు. అన్ని బోట్లనీ! ఇప్పుడే! బోట్లలో మెసేజీ పెట్టెలున్నాయి కదా, పోర్టల్ నుంచి ఉత్తర్వు పంపు."

"అందరి పేర్లతో పంపితే వెళ్ళదు సార్. మీకు తెలుసు కదా."

"ఏం? నువ్వు అనుమతులు పంపావు కదా, అలాగే పంపు."

"అలా అయితే పేర్లుండవు సార్. ఎవరు రమ్మంటున్నారో తెలియకపోతే వల వేసిన వాళ్ళు వెనక్కి రారు. మీ పేరొక్కటి పెడతాను. ఒక్కటే అయితే సర్వరు హాయిగా మోస్తుంది." ఆ పిల్ల అప్పటికే టైపు చేసేసింది, ల్యాప్‌టాప్ ఆయన ముందుకి తిప్పింది. "చూడండి. 'బోట్లన్నీ తక్షణం రేవుకు తిరిగి రావలెను. మైలవరపు దక్షిణామూర్తి, సంచాలకులు.' మీట నొక్కండి సార్, వెళ్ళిపోతుంది."

దక్షిణామూర్తి గారు తెర చూశారు. మొదట్లో ఆయన కోరుకున్నదదే. ఎక్కడ చూసినా ఆయనే, మధ్యలో వేరే ఎవరూ లేరు. వేలు మీట దాకా వెళ్ళి ఆగింది.

"నా పేరొక్కటేనా?"

"అవునండి."

"మేడమ్ గారిది కూడా పెట్టు."

"వద్దు సార్, పర్వాలేదు, నాకంత ఇదిగా లేదు," అన్నారు ఇందుమతీ దేవి గారు గబగబా. నాలుగు వరసల గ్రంథాన్ని కుదించనన్న మనిషి.

"కోటిలింగం గారిదో?"

"అయ్యో, సార్ పేరు పక్కన నా పేరెంతటిదండి!" అని కోటిలింగం గారు గోడ దాకా జరిగారు.

దక్షిణామూర్తి గారి నుదుటి మీద చెమట పట్టింది. "ఇదిగో చూడమ్మా," అన్నారు మెల్లగా, చిన్నపిల్లకి చెప్పినట్టు. "అందరి పేర్లూ ఉంటే అది ఆఫీసు ఉత్తర్వు. ఎవరడిగినా ఆఫీసు చేసిందని చెప్పుకోవచ్చు. ఒక్కడి పేరే ఉంటే... వాళ్ళు ఒడ్డుకొచ్చి, వలలు ఖాళీ, ఐసు నీళ్ళపాలు, ఏం చెయ్యమంటావని మీద పడితే... అది నేను చేసినట్టవుతుంది కదమ్మా."

"అవును సార్. మీరు చేసినట్టే అవుతుంది."

దక్షిణామూర్తి గారు వేలు వెనక్కి తీసుకున్నారు. జేబు రుమాలు తీసి తుడుచుకున్నారు. కిటికీ దగ్గరికి వెళ్ళి, ఖాళీ అయిపోయిన రేవుని కాసేపు చూశారు. ఒడ్డున ఆడవాళ్ళు తట్టలు కడుక్కుంటున్నారు, ఎవరో పెద్దగా నవ్వుతున్నారు. ఆయన్ని చూసి ఒకావిడ అక్కణ్ణుంచే దణ్ణం పెట్టింది. ఆయన కూడా, ఎందుకో ఏమో, చెయ్యి ఎత్తారు.

టోపీ పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళారు.

"సార్," అంది వసుంధర. తన ఉద్యోగం సంగతి అడగాలనుకుంది గానీ నోట్లోంచి వేరే మాటొచ్చింది. "రేపటికి ఇంకొన్ని బోట్ల వాళ్ళు విన్నపాలు పెట్టుకున్నారండి. వాటినేం చెయ్యమంటారు?"

దక్షిణామూర్తి గారు వెనక్కి తిరగలేదు.

"ఇవాళ పంపినట్టే పంపెయ్యమ్మా," అన్నారు. "నా పేరు మాత్రం ఎక్కడా రానీకు."